డీకంప్రెషన్ స్టాప్‌ల సాధన: రిక్రియేషనల్ డైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కోర్సు పూర్తయి ఓ పదిహేను ఇరవై డైవ్‌లు చేశాక అందరికీ వచ్చే అనుమానాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. బోటులో తడి సూట్‌తోనే కూర్చుని అడిగేవాళ్లు కొందరు, రాత్రి పన్నెండింటికి మెసేజ్ పెట్టేవాళ్లు కొందరు. అందరికీ విడివిడిగా చెప్పిన జవాబుల్ని ఒకచోట పెడదామని ఇది రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా పర్వాలేదు. ప్రతి జవాబూ దానికదే అర్థమవుతుంది, అందుకే ఒకటి రెండు సంగతులు మళ్లీ మళ్లీ వస్తాయి. స్టాప్ చేయడం, అంటే పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఒక లోతులో కాసేపు ఆగడం, మాత్రం ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా నీళ్లలోనే నేర్చుకోవాలి. ఈ పేజీ ఆ శిక్షణకు తోడుగా చదువుకోండి.

## సాధన మొదలుపెట్టక ముందు

సేఫ్టీ స్టాప్, డీకో స్టాప్ రెండూ ఒకటే కదా? పేరే తేడానా?

చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండింట్లోనూ 5 మీటర్ల చుట్టుపక్కల కదలకుండా ఉండి టైమ్ చూసుకుంటాం. కానీ సేఫ్టీ స్టాప్ అప్పుడు మీరింకా నో-డీకో పరిమితి (తప్పనిసరి డీకంప్రెషన్ స్టాప్ లేకుండా ఆ లోతులో ఉండగలిగే సమయం) లోపలే ఉన్నారు. ఏదైనా ఇబ్బంది వస్తే నేరుగా పైకి వచ్చేయొచ్చు, ఆ 3 నిమిషాలు అదనపు రక్షణ. డీకో స్టాప్ అంటే ఆ పరిమితి దాటిపోయారు, నేరుగా పైకి వచ్చే దారి మూసుకుపోయింది. తలపైన నీళ్లు తప్ప ఏమీ కనిపించకపోయినా అక్కడ ఒక పైకప్పు ఉన్నట్టే. డైవ్ కంప్యూటర్ కూడా దాన్ని సీలింగ్ అనే చూపిస్తుంది. మాస్క్ ఊడినా, కాలు పట్టేసినా, చలేసినా, ఆ సమస్యను ఆ లోతులో ఉండే తీర్చుకోవాలి.

మెల్లగా పైకి వస్తే చాలదా? మధ్యలో ఆగడం దేనికి?

30 మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి 4 రెట్లు. మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం నత్రజని. ఆ ఒత్తిడికి అది రక్తంలో కరిగి, అక్కడి నుంచి కండరాల్లోకి, కొవ్వులోకి, కీళ్లలోకి చేరుతుంది. రక్తం, మెదడు నత్రజనిని త్వరగా నింపుకుని త్వరగా వదిలేస్తాయి. కొవ్వు, మృదులాస్థి లాంటివి చాలా నిదానం. ఒత్తిడి గబుక్కున తగ్గితే ఆ నత్రజని ఊపిరితిత్తుల దాకా వెళ్లి బయటపడే లోపే శరీరంలో బుడగలు కడుతుంది. దాన్నే బెండ్స్ అంటాం.

ఈ బుడగల్లో ఉన్నది నత్రజనేనని ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లో చూపించారు. మెట్లు మెట్లుగా ఆగుతూ పైకి రావాలన్న పద్ధతిని బ్రిటన్‌లో జె.ఎస్. హాల్డేన్ బృందం మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో ప్రచురించింది. ఇప్పుడు చాలా కంప్యూటర్లలో ఉన్న బూల్‌మన్ లెక్క కూడా ఆ ఆలోచనకు కొనసాగింపే. అది శరీరాన్ని 16 రకాల కణజాలాలుగా ఊహించుకుని ఒక్కోదానికీ విడిగా లెక్క కడుతుంది.

పైన 5 మీటర్ల దగ్గరే ఎందుకు ఆగుతామంటే, 10 మీటర్ల నుంచి ఉపరితలానికి వచ్చేసరికి ఒత్తిడి సగానికి సగం పడిపోతుంది. అంత పెద్ద మార్పు డైవ్ మొత్తంలో ఇంకెక్కడా ఉండదు.

నేను మామూలు రిక్రియేషనల్ డైవర్‌ని. డీకో స్టాప్‌లు సాధన చేయొచ్చా?

చేయొచ్చు, చేయాలి కూడా. అయితే నో-డీకో పరిమితి లోపలే ఉండి, స్టాప్ తప్పనిసరి అయినట్టు ఊహించుకుని చేయాలి. 12 మీటర్ల డైవ్ చివర్లో 9 మీటర్ల దగ్గర 1 నిమిషం, 6 మీటర్ల దగ్గర 2 నిమిషాలు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు అని ముందే స్లేట్ మీద రాసుకుని, దాన్ని అక్షరాలా పాటించి చూడండి. తప్పు చేస్తే ఏమీ కాదు, పైన బోటులో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

సాధన కోసమని కావాలనే పరిమితి దాటడం మాత్రం వద్దు. ఒకే సిలిండర్, ఒకే రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చే పరికరం) సెట్‌తో, శిక్షణ లేకుండా నిజమైన డీకోలోకి వెళ్తే ఒక్క ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) తెగినా మీ ముందు ఏ దారీ ఉండదు. బీశాక్ లాంటి కొన్ని సంస్థలు తమ స్పోర్ట్స్ డైవర్ స్థాయిలోనే తప్పనిసరి స్టాప్‌లు నేర్పుతాయి. ప్యాడి లాంటివి రిక్రియేషనల్ డైవింగ్ మొత్తాన్నీ నో-డీకోలోనే ఉంచుతాయి. మీ కార్డు దేనికి శిక్షణ ఇచ్చిందో ముందు అది తెలుసుకోండి.

నో-డీకో పరిమితి అంకెలు గుర్తుపెట్టుకోవాలా? కంప్యూటర్ ఉంది కదా.

ఒక నాలుగు అంకెలైనా తలలో ఉండాలి. ప్యాడి రిక్రియేషనల్ డైవ్ ప్లానర్ ప్రకారం, ఆ రోజు మొదటి డైవ్‌కి, 12 మీటర్ల దగ్గర 147 నిమిషాలు, 18 దగ్గర 56, 30 దగ్గర 20, 40 దగ్గర 9. ఈ అంకెలు తెలిస్తే కంప్యూటర్ ఏదో తేడాగా చూపించినప్పుడు మీకే అనుమానం వస్తుంది. మీ కంప్యూటర్ ఇంతకంటే తక్కువ చూపిస్తే దాన్నే నమ్మండి. రెండో డైవ్‌కి ఈ సమయాలు తగ్గిపోతాయి, ఎందుకంటే మొదటి డైవ్ నత్రజని ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

ఇద్దరికీ కలిపి ఒక కంప్యూటర్ సరిపోతుందా?

సరిపోదు. ఒకరు పగడపు గోడ కింద 24 మీటర్ల దగ్గర ఫోటో తీస్తుంటే ఇంకొకరు 20 దగ్గర ఆగి ఉంటారు. పొద్దున మొదటి డైవ్ ఒకరే చేసి ఉండొచ్చు. కంప్యూటర్ అది ఎవరి చేతికి ఉందో వాళ్ల లెక్కే కడుతుంది.

నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) అయితే స్టాప్ అక్కర్లేదంట, నిజమేనా?

నిజం కాదు. 30 మీటర్ల దగ్గర 32 శాతం నైట్రాక్స్ పీలిస్తే, నత్రజని వరకు చూసుకుంటే దాదాపు 24 మీటర్ల దగ్గర మామూలు గాలి పీల్చినట్టు. పరిమితి పెరుగుతుంది, స్టాప్ అవసరం మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి, ఆక్సిజన్ ఒత్తిడికి పెట్టిన 1.4 బార్ హద్దు (బార్ అంటే ఒత్తిడి కొలమానం, ఉపరితలం మీద దాదాపు 1) ప్రకారం 32 శాతంతో 33 మీటర్లు దాటకూడదు. సిలిండర్‌ని మీరే ఎనలైజర్‌తో చూసుకుని, ఆ అంకెను కంప్యూటర్‌లో పెట్టాకే దిగాలి.

## బరువు, గాలి లెక్క

స్టాప్ దగ్గర నిలబడలేకపోతున్నా. ఎంత ప్రయత్నించినా పైకి తేలిపోతున్నా. నా బాయన్సీ (తేలకుండా, మునగకుండా నిలిచే నేర్పు) అంత ఘోరమా?

చాలాసార్లు తప్పు మీ బాయన్సీది కాదు, మీ బరువుల బెల్టుది. నిండు సిలిండర్‌లో గాలికే బరువుంటుంది. రిక్రియేషనల్ డైవర్లు ఎక్కువగా వాడే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ గాలి దాదాపు రెండున్నర కిలోలు. డైవ్ మొదట్లో సరిగ్గా సరిపోయిన బరువు, చివర్లో ఆ మేరకు తక్కువైపోతుంది. సరిగ్గా అప్పుడే మీరు 5 మీటర్ల దగ్గర నిలబడాలి. అడుగున నలిగిపోయిన వెట్‌సూట్ కూడా పైకొచ్చేసరికి మళ్లీ ఉబ్బి తేలుతుంది.

నాకూ మొదట్లో ఇదే జరిగింది. 2 నిమిషాల దగ్గర ఒళ్లు పైకి లేవడం మొదలైంది. బీసీడీ (గాలి నింపి తేలేందుకు వేసుకునే జాకెట్) గాలంతా వదిలేశాను, తల కిందికి పెట్టి ఫిన్స్ కొట్టాను, అయినా నీటి మీదికి వచ్చేశాను. ఆ రోజు నో-డీకోలోనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆ ఫిన్స్ కొట్టడం, ఆ టెన్షన్, రొప్పు ఇప్పటికీ గుర్తున్నాయి. మర్నాడు బెల్టుకి ఇంకో 2 కిలోలు కలిపితే చేతులు ముడుచుకుని ఆగగలిగాను.

మరి బరువు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

డైవ్ చివర్లోనే చూడాలి. సిలిండర్‌లో 50 బార్ దగ్గర, 5 మీటర్ల లోతులో, ఒక తాడు దగ్గర ఆగి బీసీడీ గాలి పూర్తిగా వదిలేయండి. మామూలుగా ఊపిరి తీస్తూ అక్కడే నిలవగలిగితే బరువు సరిగ్గా ఉంది. తేలిపోతుంటే బడ్డీ (మీతో జతగా దిగే డైవర్) దగ్గర నుంచి ఒక కిలో తీసుకుని మళ్లీ చూడండి. కిందికి జారిపోతుంటే ఎక్కువైంది. సూట్ మారినా, సిలిండర్ అల్యూమినియం నుంచి స్టీల్‌కి మారినా, ఉప్పునీటి నుంచి మంచినీటికి మారినా ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే. వచ్చిన అంకెను లాగ్‌బుక్‌లో సూట్ మందంతో సహా రాసుకోండి.

50 బార్ మిగిలేలా బోటు ఎక్కితే చాలు కదా?

బోటు ఎక్కేటప్పుడు 50 మిగలడం మంచిదే. కానీ ఎంత మిగిలినప్పుడు అడుగు వదలాలి అన్నది వేరే లెక్క, స్టాప్ నిలబడేది దాని మీదే. ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. 12 లీటర్ల సిలిండర్, 30 మీటర్ల లోతు. బడ్డీకి గాలి అయిపోయి మీ ఆక్టోపస్ (అదనపు రెగ్యులేటర్) అందుకున్నాడు. కంగారులో ఒక్కొక్కరు నిమిషానికి 30 లీటర్లు, ఇద్దరికీ 60 లీటర్లు అనుకుందాం.

అడుగున సర్దుకోవడానికి 1 నిమిషం: 60 × 4 బార్ = 240 లీటర్లు. 30 నుంచి 5 మీటర్లకు రావడానికి దాదాపు 3 నిమిషాలు, సగటున 2.75 బార్: 495 లీటర్లు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు, 1.5 బార్: 270 లీటర్లు. ఆఖరి 5 మీటర్లకు 1 నిమిషం: 75 లీటర్లు. మొత్తం 1080 లీటర్లు. 12తో భాగిస్తే 90 బార్. అంటే ఆ లోతులో గేజ్ 90 చూపించేసరికి పైకి వెళ్దామని బొటనవేలు ఎత్తాలి, ఎంత అందమైన చేప కనిపిస్తున్నా సరే. 50 దాకా అడుగునే ఉంటే, ఆ ఒక్క చెడ్డరోజున స్టాప్‌కి గాలి ఉండదు.

స్టాప్ ఒక్కదానికీ ఎంత గాలి ఖర్చవుతుంది?

మామూలుగా నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాళ్లకు 5 మీటర్ల దగ్గర అది 30 లీటర్లవుతుంది. 12 లీటర్ల సిలిండర్‌తో 3 నిమిషాలకు 8 బార్ లోపే, 8 నిమిషాలకు 20 బార్, 15 నిమిషాలకు 38 బార్. మీ వినియోగం ఎంతో తెలియకపోతే ఒక డైవ్‌లో 10 మీటర్ల దగ్గర 10 నిమిషాలు నింపాదిగా ఈది, ముందూ వెనకా గేజ్ అంకెలు రాసుకోండి. తగ్గిన బార్‌ని సిలిండర్ లీటర్లతో హెచ్చించి, 10 నిమిషాలతో భాగించి, మళ్లీ 2తో భాగిస్తే మీ అంకె వస్తుంది.

## సాధన చేసేటప్పుడు

ఎక్కడ మొదలుపెట్టాలి?

లోతున్న స్విమ్మింగ్ పూల్ అయితే అన్నిటికన్నా మంచిది. లేకపోతే ప్రవాహం లేని, అడుగు కనిపించే చోట, 8 నుంచి 12 మీటర్ల డైవ్. మొదటి రెండు మూడు సార్లు యాంకర్ తాడు పక్కన, చెయ్యి వేయకుండా, అందేంత దూరంలో ఉండండి. తర్వాత తాడు లేకుండా, బడ్డీ ముఖం చూస్తూ. ఆ తర్వాత అడుగు కనిపించని నీలిరంగు నీళ్లలో. ఆ చివరిది వినడానికి సులువే, కానీ కంటికి ఏ ఆధారమూ లేనప్పుడు మనం పైకి పోతున్నామో కిందికి పోతున్నామో ఒంటికి అసలు తెలియదు.

నిలబడటం వచ్చాక ఒక్కో పని కలపండి. మాస్క్ నీళ్లు నింపి ఖాళీ చేయడం, రెగ్యులేటర్ మార్చడం, బడ్డీ గాలి పంచుకోవడం, అన్నీ లోతు అరమీటరు కూడా మారకుండా. ఇద్దరూ ఒకేసారి కసరత్తు చేయకూడదు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు లోతు, టైమ్ చూస్తూ ఉండాలి.

అస్తమానం కంప్యూటర్ వంకే చూస్తుంటే తప్ప లోతు తెలియడం లేదు. ఏం చేయాలి?

నీళ్లలో తేలుతున్న ఒక నలుసుని చూడండి. మాస్క్‌కి మూరెడు దూరంలో, వెలుతురు పడి మెరుస్తూ ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. అది కిందికి జారుతున్నట్టు కనిపిస్తే నిజానికి మీరు పైకి పోతున్నారు. పైకి లేస్తుంటే మీరు దిగుతున్నారు. కంప్యూటర్‌లో అంకె మారేలోపే నలుసు చెప్పేస్తుంది. దానికి తోడు చెవుల్లో ఒత్తిడి కూడా గమనిస్తూ ఉండండి. కొన్నాళ్లకు కంప్యూటర్ చూడటం సరిచూసుకోవడానికి మాత్రమే మిగులుతుంది.

ఊపిరితో ఎత్తు సర్దుకో అంటారు, ఊపిరి బిగపట్టకు అంటారు. ఏది వినాలి?

రెండూ. మామూలు ఊపిరిలో అర లీటరు గాలి లోపలికీ బయటికీ పోతుంది, అంటే తేలే శక్తిలో అర కిలో తేడా. కొంచెం నిండుగా పీలిస్తే లేస్తారు, కొంచెం ఎక్కువ వదిలితే దిగుతారు. ఊపిరి ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, ఎంత నిండుగా పీలుస్తామన్నది మాత్రమే మారుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: పీల్చిన వెంటనే శరీరం లేవదు, రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం తెలియక కొత్తవాళ్లు ఏమీ జరగడం లేదనుకుని బీసీడీలో గాలి కొడతారు, అప్పుడు ఊపిరి, బీసీడీ రెండూ కలిసి పైకి లేపేస్తాయి. ఇక బిగపట్టి పైకి లేస్తే, ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి వాటినే చీల్చే ప్రమాదం ఉంది. అది బెండ్స్ కన్నా వేగంగా ప్రాణం మీదికి తెస్తుంది.

తాడు పట్టుకుంటే చీటింగ్ కాదా?

కాదు. తాడు ఉంటే పట్టుకోండి. సాధన రోజున వదిలి చేయండి, అంతే. అలలు బలంగా ఉన్నప్పుడు మాత్రం బోటుతో పాటు తాడు కూడా ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు గట్టిగా పట్టుకుంటే అది మిమ్మల్ని కూడా మీటరు మీటరున్నర పైకీ కిందికీ లాగుతుంది. వేళ్లతో వదులుగా ఉంగరంలా చుట్టి, తాడు చేతిలోంచి జారేలా ఉంచి, 6 మీటర్ల దగ్గర ఉండండి.

ఎంత అటూ ఇటూ అయితే పర్వాలేదు?

సేఫ్టీ స్టాప్‌కి 3 నుంచి 6 మీటర్ల మధ్య ఎక్కడున్నా కంప్యూటర్లు సాధారణంగా లెక్కలోకి తీసుకుంటాయి. సాధనలో మీరు పెట్టుకోవాల్సిన గురి అరమీటరు. 5 అనుకుంటే 4.5 నుంచి 5.5. మూడు డైవ్‌లు వరసగా, తాడు లేకుండా, 5 నిమిషాలపాటు ఆ మధ్యలో ఉండగలిగితే మీ బాయన్సీ మీద మీకు నమ్మకం రావాలి.

ఎస్‌ఎంబీ బెలూన్ (మనం ఎక్కడున్నామో పైన బోటుకు చూపించే గుర్తు) వదిలేటప్పుడు నేను కూడా దాంతో పాటే పోతున్నా. ఎలా?

ముందు పైకి చూడండి, బోటు గానీ డైవర్ గానీ లేరని. స్పూల్ (బెలూన్ తాడు చుట్టిన చక్రం) కొక్కెం విప్పి, తాడు దేనికీ చిక్కుకోకుండా చూసుకుని, చూపుడు వేలు, బొటనవేలు రంధ్రంలో పెట్టి స్పూల్‌ని ఒంటికి దూరంగా పట్టుకోండి. స్పూల్‌ని బీసీడీకి మాత్రం ఎప్పుడూ తగిలించకండి. తాడు చిక్కుపడితే మిమ్మల్ని కట్టిపడేసి పైకి ఈడ్చుకుపోతుంది. చేతిలో ఉంటే వదిలేయొచ్చు, పోయేది ఒక స్పూల్.

బెలూన్‌లోకి మీరు వదిలే ఊపిరినే ఊదితే, ఊపిరితిత్తుల్లోంచి పోయిన గాలే అందులో చేరుతుంది కాబట్టి మీ తేలే శక్తి పెద్దగా మారదు. ఆక్టోపస్‌తో నింపేవాళ్లు గాలి వదిలే పర్జ్ బటన్‌ని ఒక సెకను నొక్కి వదిలేయాలి. 10 మీటర్ల దగ్గర సగం నింపితే పైకి చేరేసరికి నిండుగా ఉంటుంది. తలెత్తి బెలూన్ వంకే చూస్తూ ఉండిపోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ పది సెకన్లలోనే 2 మీటర్లు లేచిపోతారు. పక్కనున్న బడ్డీ పని అప్పుడు మీ లోతు చూడటమే. మొదటి ఐదారుసార్లు పూల్‌లోనే చేయండి.

సగం లోతులో డీప్ స్టాప్ కూడా చేయాలా?

ఒకప్పుడు చాలా మంది చేశారు. అమెరికా నౌకాదళ ప్రయోగశాల 2011లో వెలువరించిన పరీక్షల్లో, 52 మీటర్ల లోతు డైవ్‌లకు మొత్తం స్టాప్ సమయం ఒకటే ఉంచి, లోతులో ఎక్కువ ఆగే పద్ధతిని, పైన ఎక్కువ ఆగే పద్ధతిని పోల్చారు. లోతులో ఆగినప్పుడు 198 డైవ్‌లలో 11 బెండ్స్ కేసులు, పైన ఆగినప్పుడు 192లో 3. అవి మన డైవ్‌ల కన్నా చాలా కఠినమైనవి, కాబట్టి ఆ అంకెలు యథాతథంగా మనకు వర్తించవు. అయినా చేతిలో అదనంగా గాలి, సమయం ఉంటే వాటిని 5 మీటర్ల దగ్గర వాడమని నేను చెబుతాను.

ఎంత నిదానంగా పైకి రావాలి?

నిమిషానికి 9 మీటర్లు మించకుండా. స్టాప్ అయ్యాక ఆఖరి 5 మీటర్లకు పూర్తిగా ఒక నిమిషం తీసుకోండి. స్టాప్ చక్కగా చేసి, అవ్వగానే బెండు ముక్కలా పైకి లేచేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఒత్తిడి అన్నిటికన్నా వేగంగా మారేది అక్కడే.

## నీళ్లలో ఏదైనా తేడా జరిగితే

కంప్యూటర్ ఉన్నట్టుండి డీకో చూపించింది. అప్పుడేంటి?

బడ్డీకి కంప్యూటర్ చూపించండి, ఇద్దరూ వెంటనే మామూలు వేగంతో పైకి కదలండి. అడుగున గడిపే ప్రతి నిమిషం స్టాప్‌ని పెంచుతూ పోతుంది. కంప్యూటర్ చూపించే సీలింగ్ కన్నా పైకి వెళ్లకుండా, అది చెప్పిన లోతులో, చెప్పినంత సేపు ఆగండి. తర్వాత గాలి ఉంటే ఇంకో 3 నిమిషాలు కలపండి. కంప్యూటర్ లేకుండా ప్యాడి టేబుల్ మీద డైవ్ చేస్తుంటే నియమం ఇది: పరిమితిని 5 నిమిషాలు లేదా అంతకన్నా తక్కువ దాటితే 5 మీటర్ల దగ్గర 8 నిమిషాలు ఆగాలి, తర్వాత 6 గంటలు నీళ్లలోకి దిగకూడదు. 5 నిమిషాల కన్నా ఎక్కువ దాటితే, గాలి ఉన్నంతలో కనీసం 15 నిమిషాలు ఆగాలి, 24 గంటలు డైవింగ్ బంద్.

డైవ్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే?

డైవ్ అయిపోయినట్టే. బడ్డీకి సైగ చేసి, మీ చిన్న బుడగలకన్నా నిదానంగా పైకి వచ్చి, 5 మీటర్ల దగ్గర గాలి అనుమతించినంత సేపు ఆగండి. బడ్డీ లోతును చూస్తూ ఉండండి. తర్వాత 24 గంటలు దిగకండి, కొత్త కంప్యూటర్‌కి మీ ఒంట్లో ఉన్న నత్రజని సంగతి తెలియదు.

స్టాప్ ఇంకా మిగిలి ఉంది, గాలి అయిపోతోంది. ఆగాలా, పైకి పోవాలా?

ముందు బడ్డీ గాలి. అదీ లేకపోతే పైకి. బెండ్స్‌కి చికిత్స ఉంది, నీళ్లలో ఊపిరాడకపోతే లేదు. పైకి రాగానే బీసీడీ నింపి, సహాయం కోసం సైగ చేయండి.

స్టాప్ మిస్సయి పైకి వచ్చేశా. వెంటనే దిగి పూర్తి చేయొచ్చా?

రిక్రియేషనల్ డైవర్ మళ్లీ దిగకూడదు. లక్షణాలు నీటి అడుగున మొదలైతే, కాళ్లు చచ్చుబడితే, అక్కడ మిమ్మల్ని కాపాడేవాళ్లు ఉండరు. బోటు ఎక్కి, కదలకుండా ఉండి, నూటికి నూరు శాతం ఆక్సిజన్ తీసుకోండి. నీళ్లు తాగండి, పక్కనే ఒక మనిషిని ఉంచుకోండి, కనీసం 24 గంటలు డైవింగ్ ఆపేయండి. జరిగింది దాచొద్దు. ఎంత లోతు, ఎంత సేపు, ఎంత స్టాప్ పోయిందో బోటులో వాళ్లకు వెంటనే చెప్పండి.

బడ్డీ స్టాప్ మధ్యలో తేలిపోతే నేనూ వెళ్లాలా?

ఇద్దరూ నో-డీకోలో ఉంటే నిదానంగా వెళ్లి కలవండి. మీకు తప్పనిసరి స్టాప్ ఉంటే మీరు మీ స్టాప్ పూర్తి చేయాలి, బోటు వాళ్లు పైనున్నవాళ్లను చూసుకుంటారు. ఈ మాట నీళ్లలోకి దిగక ముందే ఇద్దరూ అనుకోవాలి. లేకపోతే ఆ క్షణంలో ప్రేమ కొద్దీ తప్పు చేస్తాం.

## పైకి వచ్చాక

ఏ లక్షణాలు కనిపిస్తే భయపడాలి?

భుజం, మోచేయి, మోకాలు లోపలి నుంచి సలపడం, చర్మం మీద ఊదారంగు మచ్చలు, దురద, ఎంత పడుకున్నా తీరని నీరసం. ఇంకా తీవ్రమైనవి: తిమ్మిర్లు, కాళ్లలో బలం లేకపోవడం, తల తిరగడం, మాట తడబడటం, మూత్రం రాకపోవడం, ఊపిరి అందకపోవడం. అమెరికా నౌకాదళ డైవింగ్ మాన్యువల్ లెక్క ప్రకారం 42 శాతం కేసులు మొదటి గంటలో, 83 శాతం 8 గంటల్లోపు, 98 శాతం 24 గంటల్లోపు బయటపడతాయి.

ఇక్కడ మనుషుల్ని దెబ్బతీసేది నొప్పి కన్నా, “సిలిండర్ మోసినందుకు పట్టేసిందిలే” అనుకోవడం. డైవ్ తర్వాత వచ్చిన కొత్త నొప్పి, కొత్త తిమ్మిరి ఏదైనా సరే, వేరే కారణం తేలే వరకు బెండ్స్ అనుకునే చూడాలి. ఆక్సిజన్ మొదలుపెట్టి, డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్‌తో మాట్లాడండి. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గిపోయినా డాక్టర్‌ని కలవాల్సిందే. చికిత్స హైపర్‌బారిక్ చాంబర్‌లో జరుగుతుంది. ఎక్కువగా వాడే పద్ధతిలో 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడితో మొదలుపెట్టి, ఆక్సిజన్ ఇస్తూ దాదాపు 5 గంటలు ఉంచుతారు.

అన్నీ పద్ధతిగా చేసినా బెండ్స్ రావొచ్చా?

రావొచ్చు. టేబుల్, కంప్యూటర్ రెండూ ప్రమాదాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయవు. అడుగున బాగా శ్రమపడటం, స్టాప్ దగ్గర చలికి వణకడం, ఒంట్లో నీళ్లు తగ్గడం, రోజుల తరబడి వరసగా డైవ్‌లు చేయడం ప్రమాదాన్ని పెంచుతాయి. దాదాపు నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో వచ్చే చిన్న సందు మూసుకుపోకుండా ఉంటుంది. దాని గుండా బుడగలు ఊపిరితిత్తులను తప్పించుకుని నేరుగా ధమనుల్లోకి వెళ్లగలవు. అందుకే పద్ధతిగా చేసినవాళ్లకు బెండ్స్ వస్తే “ఏదో తప్పు చేసుంటావ్” అనకండి. ఆ మాటకు భయపడే చాలామంది లక్షణాలు దాచిపెడతారు.

డైవ్ అవ్వగానే వేడినీళ్ల స్నానం, జిమ్?

కొన్ని గంటలు ఆగండి. చర్మం ఒక్కసారిగా వేడెక్కినా, బరువులు ఎత్తినా బుడగలు పెరిగే అవకాశం ఉంది. సిలిండర్లు మోయడం కూడా ఇంకొకరికి అప్పగించండి.

విమానం ఎప్పుడు ఎక్కొచ్చు?

డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన: నో-డీకో డైవ్ ఒకటే చేస్తే కనీసం 12 గంటలు, రోజుకు ఒకటికి మించి గానీ వరసగా కొన్ని రోజులు గానీ చేస్తే కనీసం 18 గంటలు, తప్పనిసరి డీకో చేసి ఉంటే 18 కన్నా బాగా ఎక్కువ. నేనైతే ఎప్పుడూ 24 గంటలు ఖాళీ పెట్టుకునే టికెట్ తీసుకుంటాను. కారులో ఎత్తైన కొండదారి ఎక్కడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

నిజమైన డీకో డైవ్‌లు నేర్చుకోవడానికి నేను సిద్ధమేనా?

అడుగు కనిపించని నీళ్లలో, తాడు లేకుండా, 10 నిమిషాలు అరమీటరు తేడాలో ఉంటూ మాస్క్ తీసి పెట్టుకోగలుగుతున్నారా? గాలి లెక్క కాగితం మీద వేసి, నీళ్లలో దానికి దగ్గరగా వస్తున్నారా? బడ్డీ అడగక ముందే మీ గేజ్ ఎంత చూపిస్తుందో చెప్పగలరా? మూడింటికీ అవునంటే ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి. ప్యాడి టెక్ 40 కోర్సుకు 18 ఏళ్లు నిండి, కనీసం 30 డైవ్‌లు లాగ్ అయి ఉండాలి. అది 40 మీటర్ల లోతు వరకు, మొత్తం 10 నిమిషాలు మించని డీకో వరకు అనుమతిస్తుంది. ఆ కోర్సులో రెండో సిలిండర్, రెండో రెగ్యులేటర్, రెండో కంప్యూటర్ ఎందుకో అర్థమవుతుంది. ఏ ఒక్కదానికైనా ఇంకా కాదు అనిపిస్తే, వచ్చే డైవ్ 12 మీటర్ల దగ్గర పెట్టుకుని ఆ ఒక్కదాని మీదే పనిచేయండి.